బంతిపూల సాక్ష్యం ఎంతవరకు?

సంక్రాంతినాటికి విస్సన్నపేట చుట్టూ మామిడి తోటలు పూత మీద ఉంటాయి. ఇళ్లలో పెద్దలకు పెట్టుకుంటారు. గోడ మీది ఫొటోలు దించి, తుడిచి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేస్తారు. ముందు కొత్త బట్టలు, గారెలు, పోయినవారికి ఇష్టమైన కూర పెట్టి సాంబ్రాణి వేస్తారు. తాతకు అలవాటుంటే చుట్ట కూడా. నవంబరు 1, 2 తేదీల్లో మెక్సికో ఇళ్లలో కనిపించేదీ దాదాపు ఇదే: ఫొటో, ఇష్టమైన తిండి, కోపాల్ ధూపం, బంతిపూలు. ఇంత పోలిక ఉంటే చుట్టరికం కలిపేయాలనిపిస్తుంది. కాస్త ఆగాలి.

బంతి పుట్టిల్లు మెక్సికో ప్రాంతమే. అక్కడి నహువాటిల్ భాషలో దాని పేరుకు ‘ఇరవై పువ్వు’ అని అర్థం. అమెరికా ఖండంతో ఓడల రాకపోకలు 1492 తర్వాతే మొదలయ్యాయి కనుక అంతకుముందు మన గొబ్బెమ్మల మీద బంతిపువ్వు ఉండే వీల్లేదు. తాత చుట్టలోని పొగాకూ ఆ ఖండపు మొక్కే. మామిడి ఎదురు దారిన వెళ్లింది: మెక్సికోలో ఒక మామిడి రకాన్ని నేటికీ ‘మనీలా’ అంటారు. మనీలా, అకపుల్కో రేవుల మధ్య 1565 నుంచి 1815 దాకా ఓడలు తిరిగాయి. అంటే పువ్వు చెప్పేది వర్తకం సంగతి. పితృదేవతల సంగతి దానికి తెలియదు.

ఇంతకంటే గట్టి ఆధారం తద్దినం వంటింట్లో దొరుకుతుంది. నిష్ఠగా పెట్టే చాలా ఇళ్లలో ఆరోజు కారానికి మిరియమే. టమాటా, బంగాళాదుంప ముట్టరు. కంద, అరటికాయ వండుతారు. మిరప, టమాటా, బంగాళాదుంప మూడూ అమెరికా నుంచి వచ్చినవే. మిరపకాయ రాకముందటి వంట అక్కడ మిగిలి ఉందని ఊహించవచ్చు. కానీ ఉల్లి, వెల్లుల్లి కూడా ఆ వంటకు పనికిరావు. అవేమో ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నవి. కాబట్టి కొత్తదనం ఒక్కటే కారణమనలేం.

నిజమైన చుట్టరికం మరోచోట ఉంది. నవంబరు 2న కృష్ణా తీరపు క్రైస్తవులు సమాధుల పండుగ చేస్తారు. ముందే గడ్డి పీకి, సున్నం వేసి, ఆ సాయంత్రం పూలు పరచి కొవ్వొత్తులు వెలిగిస్తారు. పదో శతాబ్దం చివర ఫ్రాన్సులోని క్లూనీ మఠంలో స్థిరపడిన తేదీ అది. మెక్సికోకు స్పెయిన్ పాదిరీలు మోసుకెళ్లిందీ ఆ తేదీనే.

మెక్సికో పండుగ వయసు మీదా పేచీ ఉంది. 2008లో యునెస్కో దాన్ని మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అజ్‌టెక్‌ల నాటిదని ప్రచారం. అక్కడి చరిత్రకారిణి ఎల్సా మాల్విడో మాత్రం దాని మూలాలు ఎక్కువగా కథోలిక ఐరోపావేనని వాదించారు. మెక్సికో నగరంలో పుర్రె వేషాల భారీ ఊరేగింపు సంగతి మరీ చిత్రం: 2015 నాటి జేమ్స్ బాండ్ సినిమాలో కల్పించిన దృశ్యం చూసి 2016లో మొదలుపెట్టారు.

నా మటుకు పెద్దల పండుగకూ మెక్సికోకూ బంధుత్వం రుజువు కాలేదు. సమాధుల పండుగకు అయింది. మిగతా ఆధారాలు మన వంటిళ్లలోనే ఉన్నాయి. మీ ఇంట తద్దినానికి ఏ కూరలు వండరో పెద్దవాళ్లనడిగి, ఊరిపేరూ ఏడాదీ వేసి రాసిపెట్టండి.