ఎవరి కంటికి కనబడ్డాడు? (మన చదువుల చరిత్ర – 14)



"తెలివైన పిల్లవాడు ఎక్కడున్నా బయటపడతాడు" అనే మాట మీటింగుల్లో చాలాసార్లు విన్నాను. మన మాస్టర్లే అంటుంటారు. సరే, ఒకసారి సాతారా బడికి పోదాం.

అక్కడ భీమ్‌రావ్ అందరికీ దూరంగా ఒక మూల, గోనెపట్టా మీద కూర్చునేవాడు. బడి ఊడ్చే మనిషి ఆ గోనెను ముట్టడు. అందుకే సాయంత్రం ఇంటికి మోసుకెళ్ళి, పొద్దున్నే మళ్ళీ తెచ్చుకోవాలి. ప్యూన్ వచ్చి నల్లా తిప్పితేనే నీళ్ళు, లేకపోతే దాహమే. తర్వాత బొంబాయి బడిలో సంస్కృతం చెప్పమన్నారు, పారసీ తీసుకున్నాడు. గోనె మీద కూర్చోబెట్టిన పిల్లవాడిలో తెలివి వెతకాలని ఎవరికి తోస్తుంది?

తోచింది తండ్రి రామ్‌జీకి. కొడుకు పుస్తకం అడిగితే చేతిలో డబ్బు ఉండేది కాదు. పెళ్ళయిన చిన్నకూతురి ఇంటికి పరుగెత్తి అప్పడిగేవాడు. అక్కడ దొరకకపోతే పెద్దకూతురి నగ తెచ్చి తాకట్టు పెట్టి, పెన్షన్ రాగానే విడిపించేవాడు. ఇది బాబాసాహెబ్ స్వయంగా రాసుకున్నదే. ఆ అక్కల పేరు మన సభల్లో ఎవరూ ఎత్తరెందుకో!

రామ్‌జీకి ఎందుకు కనబడింది? ఆయన సుబేదార్, సైనిక బడిలో పాఠాలు చెప్పినవాడు. సైన్యం వల్ల ఆ ఇంటికి అక్షరం వచ్చింది. 1890లలో బ్రిటిష్ వాళ్ళు మహర్లను సైన్యంలో చేర్చుకోవడం మానేశారు. అంటే రామ్‌జీ లాంటి తండ్రులు తయారయ్యే దారే మూసుకుపోయింది. ఇక గుర్తించిన ఉపాధ్యాయుడు కృష్ణాజీ కేలూస్కర్. తాను రాసిన బుద్ధుడి జీవితచరిత్రను కానుకగా ఇచ్చారు. అయితే ఆయన పనిచేసింది వేరే బడిలో.

ఇదేదో పాతకాలం ముచ్చట అనుకోకండి. అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రం బ్రోవర్డ్ కౌంటీలో ప్రతిభావంతులైన పిల్లలకు ప్రత్యేక తరగతులున్నాయి. ముందు తల్లిదండ్రులో టీచరో పేరు చెబితేనే పరీక్ష పెట్టేవారు. 2005 నుంచి రెండో తరగతి పిల్లలందరికీ ఒక చిన్న పరీక్ష పెట్టారు. అర్హత ప్రమాణం తగ్గించలేదు. అయినా ఎంపికైనవారిలో నల్లజాతి పిల్లలు 80 శాతం, హిస్పానిక్ పిల్లలు 130 శాతం పెరిగారని డేవిడ్ కార్డ్, లారా జూలియానో 2016లో లెక్కతేల్చారు. ఆ పిల్లలు అంతకుముందూ అవే బెంచీల మీద ఉన్నారు కదా!

మన గురుకులాల 5వ తరగతి ప్రవేశానికీ ముందు ఎవరో ఒకరు దరఖాస్తు పెట్టాలి. పెట్టనివాళ్ళ పిల్లల లెక్క మీ ఊళ్ళో ఎవరి దగ్గరుంది?

బ్రోవర్డ్‌లో ఆర్థిక మాంద్యం తర్వాత బడ్జెట్ తగ్గించారు, ఆ పరీక్షకు కోతపెట్టారు. పెరిగిన సంఖ్య మళ్ళీ పడిపోయింది.

జై భీమ్. (ఇంకా ఉంది)