వాడే తండ్రి అని తేలితే?



పోయిన భాగంలో రమీజాబీ గురించి రాశాను. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్, రిక్షా కార్మికుడైన ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ చావు, పోలీసులను తప్పుపట్టిన ముక్తదర్ కమిషన్, చివరికి రాయచూరు కోర్టులో వాళ్లు నిర్దోషులుగా బయటపడటం. అది చదివిన ఒక విద్యార్థిని క్లాసు అయ్యాక నన్ను ఆపింది. వాళ్లమ్మ నాచారం పారిశ్రామికవాడలో పని చేస్తది.

"మేడం, మా బస్తీల ఒక అక్క కేసు పెట్టింది. బిడ్డ పుట్టింది. డీఎన్ఏ రిపోర్టుల వాడే తండ్రి అని వస్తే కేసు గట్టిపడతదంటున్నరు. మరి అదే కాగితం పట్టుకొని వాడు బిడ్డనడిగితే?"

నేను సాహిత్యం చదువుకున్నదాన్ని, లాయర్ని కాను. అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. చదివి రాస్తున్నాను.

ఆ కాగితం చరిత్ర మన ఇంటి పక్కదే. ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం 1980ల చివర కేరళలోని తలస్సేరి కోర్టుకు డీఎన్ఏ పరీక్ష చేసిచ్చింది. మన దేశంలో కోర్టుకెక్కిన తొలి డీఎన్ఏ సాక్ష్యం అదే. బిడ్డ పోషణ ఖర్చు అడిగిన తల్లితో "నేను తండ్రిని కాను" అన్న మనిషిని, తండ్రివే అని అది తేల్చింది. తర్వాత డీఎన్ఏ పరీక్షల కోసమే వచ్చిన సీడీఎఫ్‌డీ చాలా ఏళ్లు నాచారంలోనే ఉంది, ఇప్పుడు ఉప్పల్లో ఉంది. 2005 సవరణతో అత్యాచార నిందితుడి డీఎన్ఏ తీసుకోవడం చట్టంలోకే వచ్చింది.

అంటే ఈ పరీక్ష తండ్రితనం నుంచి పారిపోయేవాణ్ణి పట్టుకోవడానికి వచ్చింది. మన చరిత్రంతా అలా పారిపోయినవాళ్లదే. నిజాం కాలపు తెలంగాణలో దొర బిడ్డ పెళ్లయితే వెంట ఆడబాపను పంపేవాళ్లు. ఆమెకు గడిలో బిడ్డ పుడితే తండ్రెవరో ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఆ బిడ్డ మీద దొరకున్నది తండ్రి హక్కు కాదు, వెట్టి హక్కు. జోగిని తల్లుల పిల్లలు బడిలో "తండ్రి పేరు" గడి దగ్గర ఆగిపోయారు. 1988లో చట్టం జోగిని వ్యవస్థను నిషేధించింది కానీ, ఆ ఖాళీ గడి నింపలేదు.

మరి చట్టం ఏమంటుంది? 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సెక్షన్ 6 తీయండి. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకు సహజ సంరక్షకులు "తల్లి, ఆమె తర్వాత తండ్రి". ఆ తండ్రి ఎలా తండ్రయ్యాడని అది అడగదు. అదే సెక్షన్లో ఇంకో మాట ఉంది: పెళ్లయిన మైనర్ బాలికకు సంరక్షకుడు భర్త. పద్దెనిమిదేళ్లు నిండని భార్యతో లైంగిక సంబంధం అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఒక చట్టం దృష్టిలో అతను నేరస్తుడు, ఇంకో చట్టం దృష్టిలో ఆమెకు సంరక్షకుడు. పద్దెనిమిది దాటిన భార్య సంగతైతే, భర్త చేసేది అత్యాచారమే కాదని కొత్త న్యాయసంహిత కూడా అంటుంది.

కొంత ఊరట ఉంది. పెళ్లికాని తల్లి సంరక్షకత్వం కోరితే తండ్రికి నోటీసు ఇవ్వాల్సిన పనిలేదని 2015 జూలైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1890 చట్టం సెక్షన్ 17 ప్రకారం జడ్జి బిడ్డ క్షేమాన్ని, సంరక్షకుడు కాగోరే మనిషి నడవడిని చూడాలి. కానీ అది జడ్జి విచక్షణ, తల్లి హక్కు కాదు. ఆ విచక్షణ ఎటు పోగలదో కూడా 2015లోనే చూశాం. మద్రాసు హైకోర్టు జడ్జి ఒకరు, బిడ్డను కన్న బాధితురాలితో రాజీ మాట్లాడుకొమ్మని దోషికి బెయిలిచ్చారు. ఆమె ఒప్పుకోలేదు. ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది. అత్యాచార కేసుల్లో రాజీ అన్న మాటే రాకూడదని అదే రోజుల్లో సుప్రీంకోర్టు ఇంకో కేసులో చెప్పింది.

బస్తీలో అయినా బిడ్డనడగడం ప్రేమతో కాదు. "కేసు తీసెయ్, బిడ్డ జోలికి రాను" అనడానికే.

అదే 2015 మేలో అమెరికా ఒక చట్టం చేసింది. అత్యాచారం వల్ల బిడ్డను కన్న తల్లి, ఆ మనిషి తండ్రి హక్కులు రద్దు చేయమని కోరే వీలు కల్పించే రాష్ట్రాలకు అదనపు నిధులిస్తుంది. క్రిమినల్ కేసులో శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు, బలమైన సాక్ష్యం చాలు. మనకు ముఖ్యమైంది ఇదే. రమీజాబీ కేసులో ఎవరికి శిక్ష పడింది? శిక్ష పడ్డాకే రక్షణ అంటే, మన ఆడవాళ్లకు రక్షణ లేదనే అర్థం.

అయితే వాడి హక్కు పోవాలి కానీ, బిడ్డ హక్కు పోకూడదు. అత్యాచారం వల్ల పుట్టిన బిడ్డకు జన్మనిచ్చిన తండ్రి ఆస్తిలో వాటా ఉంటుందని, దత్తత ఇస్తే ఉండదని 2015 నవంబరులో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. మనం అడగాల్సింది అదే: బాధ్యత వాడిది, అధికారం తల్లిది. సెక్షన్ 6లో ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది.

అమ్మా, నీ ప్రశ్నకు జవాబు: అడగగలడు. అడిగినంత మాత్రాన రాదు. ఆ అక్కకు చెప్పు, భయంతో పరీక్ష వద్దనొద్దు. సంరక్షకత్వం పిటిషన్ వాడికంటే ముందు తనే వేయాలి, ఛార్జిషీటు నకలు జతచేయాలి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. న్యాయసేవాధికార సంస్థకు పోదాం, నేను కూడా వస్తా.

వచ్చే భాగంలో ఆడబాపల గురించి విడిగా రాస్తాను. మీ ఇళ్లల్లో నాయనమ్మలు, అమ్మమ్మలు చెప్పినవి ఉంటే పేర్లు లేకుండా పంపండి.