పింక్ ఫ్లాయిడ్ ఆల్బముల స్థానములు

పింక్ ఫ్లాయిడ్ 1965లో లండన్ నగరములో ఏర్పడిన సుప్రసిద్ధ రాక్ సంగీత బృందము. రాక్ సంగీతమునకు నాటకము, చిత్రకళ, శాస్త్రీయ సంగీతముల ధోరణులను జోడించిన 'ఆర్ట్ రాక్' శాఖకు చెందిన బృందములలో ఇది ముఖ్యమైనది. 1967 నుండి 2014 వరకు ఈ బృందము 15 స్టూడియో ఆల్బములను వెలువరించినది. వీటిలో ఏది ఉత్తమమైనది అన్న ప్రశ్నకు సమాధానము, ఎంచుకొన్న కొలమానమును బట్టి మారుచుండును.

నేపథ్యము

సిడ్ బారెట్, రోజర్ వాటర్స్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్ తొలి ఆల్బము నాటి సభ్యులు. ఆ ఆల్బము 'ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్' (1967). ఇందులోని పాటలలో అధిక భాగము బారెట్ రచనలే. మానసిక స్థితి క్షీణించుటచే ఆయన 1968లో బృందమును వీడెను. అంతకు కొద్ది నెలల ముందే డేవిడ్ గిల్మోర్ చేరెను. ఐదుగురు సభ్యులూ పాల్గొన్న ఏకైక స్టూడియో ఆల్బము 'ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్' (1968).

అమ్మకములను బట్టి

'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' (1973) 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడై ప్రథమ స్థానములో నిలిచినది. 1973 - 1988 మధ్య అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో ఇది మొత్తము 741 వారములు ఉన్నది. అయితే అగ్రస్థానమున ఉన్నది ఒక్క వారమే. 'ద వాల్' (1979) మాత్రము అదే పట్టికలో 15 వారములు అగ్రస్థానమున నిలిచినది.

విమర్శకుల దృష్టిలో

రోలింగ్ స్టోన్ పత్రిక ప్రకటించిన 500 ఉత్తమ ఆల్బముల జాబితాలలో వీటి స్థానములు:

* ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ - 43 (2003), 55 (2020)
* ద వాల్ - 87 (2003), 129 (2020)
* విష్ యు వర్ హియర్ - 209 (2003), 264 (2020)
* ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్ - 347 (2003), 253 (2020)

17 సంవత్సరములలో మిగిలిన మూడూ దిగజారగా, బారెట్ ఆల్బము ఒక్కటే పైకి వచ్చుట గమనార్హము.

సభ్యుల అభిప్రాయములు

గిల్మోర్, రైట్ ఇరువురూ తమకు మిక్కిలి ప్రియమైనదిగా పేర్కొన్నది 'విష్ యు వర్ హియర్' (1975). ఇందులోని దీర్ఘ గీతము 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్' బారెట్‌ను ఉద్దేశించినది. 1975 జూన్‌లో రికార్డింగు జరుగుచుండగా బారెట్ అనుకోకుండా స్టూడియోకు వచ్చెను. శరీరము లావెక్కి, తల, కనుబొమలు గొరిగించుకొని ఉన్న ఆయనను పాత సహచరులు మొదట గుర్తించలేకపోయిరి. నిక్ మేసన్ అభిమానించినది 'ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్'. బ్రిటన్‌లో అగ్రస్థానము పొందిన వీరి మొదటి ఆల్బము 'ఆటమ్ హార్ట్ మదర్' (1970). దీనిని వాటర్స్, గిల్మోర్ తరువాతి కాలములో తక్కువ చేసి మాట్లాడిరి.

చివరి ఆల్బము

బారెట్ 2006లోను, రైట్ 2008లోను మరణించిరి. 1993 - 94లో రైట్ వాయించిన సంగీతము ఆధారముగా రూపొందిన 'ది ఎండ్‌లెస్ రివర్' (2014) ఈ బృందపు 15వ స్టూడియో ఆల్బము.