అగడ్తలో మొసలి, కడలిలో సొర

మన తెలుగు ఇండ్లలో బిడ్డ పుట్టిన పిదప జాతకము వ్రాయించి, అందు జలగండము కలదేమోయని అడుగు ఆచారము తరతరములుగా వచ్చుచున్నది. కలదని జ్యోతిష్కుడు చెప్పెనా, ఆ బిడ్డ ఏటికి పోరాదు, చెరువున దిగరాదు, సముద్రస్నానము మాట తలపెట్టనే రాదు. తొరపాడియందును, వేలూరునందును, గుడియాత్తమునందును తరములుగా స్థిరపడిన మన కుటుంబములకు కడలి దూరమే. పాలారు, కౌండిన్యానది, ఊరి చెరువులు, ఇవియే మన జలములు. అయినను సెలవులలో పిల్లలను మదరాసు సముద్రతీరమునకు తీసికొనిపోవుట కలదు. అప్పుడు అల పాదములను తాకగనే పిల్లవాడు అడుగు మొదటి ప్రశ్న, "అమ్మా, లోపల సొరచేప ఉండునా?" అని. ఈ ప్రశ్న చిన్నదే కాని, దీని వెనుక పెద్ద చరిత్ర కలదు. ఆ చరిత్రలో ఒక అధ్యాయము మన వేలూరు కోట అగడ్తలోనే వ్రాయబడియున్నది.

నీటిలో కంటికి కనబడని ప్రాణి పొంచియున్నదను భయము మన వాఙ్మయమునకు క్రొత్త కాదు. బమ్మెర పోతనామాత్యుడు పదునైదవ శతాబ్దమున తెనిగించిన భాగవతమున, అష్టమస్కంధమందలి గజేంద్రమోక్షణ కథ తెలియని తెలుగువాడు లేడు. కొండవంటి ఏనుగు మడుగులో దిగిన క్షణమున మొసలికి లోబడినది. నేలపై మొసలి ఏనుగునకు ఈడు కాదు. నీటిలో ఏనుగు మొసలికి ఈడు కాదు. ఈ స్థానబల న్యాయమును వేమన్న కూడ చెప్పియున్నాడు. రామాయణమున హనుమంతుడు సముద్రమును దాటునపుడు సింహిక అను రాక్షసి నీటినుండి అతని నీడను పట్టి లాగినది. కాలడిలో శంకరుల పాదమును మొసలి పట్టుకొనగా, ఆ సమయముననే తల్లి వారికి సన్న్యాసమునకు అనుమతి ఇచ్చినదని ఐతిహ్యము. ఈ కథలన్నింటను భయమునకు మూలమొక్కటే. నేలపై శత్రువు కనబడును, నీటిలో కనబడడు.

కనబడని శత్రువునందు గల ఈ భయమును కోటకు కావలిగా నిలుపవచ్చునని పూర్వపు పాలకులు గ్రహించిరి. వేలూరు కోటను విజయనగర ప్రభువైన సదాశివరాయల కాలమున, 1566 ప్రాంతమున, చిన్నబొమ్మినాయకుడు, తిమ్మారెడ్డి కట్టించిరని చెప్పుదురు. కోటలోని జలకంఠేశ్వరాలయము కూడ ఆ శతాబ్దపు నిర్మాణమే. కోట వైశాల్యము సుమారు 133 ఎకరములు. చుట్టును లోతైన, వెడల్పైన అగడ్త కలదు. దానికి నీరు సూర్యగుంట అను జలాశయమునుండి భూమిలోపలి మార్గమున వచ్చునట్లు ఏర్పాటు చేసిరి. 'గుంట' యను మన మాట ఆ జలాశయము పేరున నిలిచియుండుట మనకు సంతోషము కలిగించు విషయము. పదునేడవ శతాబ్దారంభమున అరవీటి వంశీయుడైన వేంకటపతిరాయలు చంద్రగిరినుండి వేలూరునకు రాజధానిని మార్చినపుడు, ఈ అగడ్త ఒక సామ్రాజ్యమునకే రక్షణరేఖ యైనది.

ఆ అగడ్తలో మొసళ్లు ఉండెననుట వేలూరున అందరును ఎరిగిన మాట. ఎన్ని యని అడిగినచో, "పదివేలు" అని చెప్పుదురు. ఈ సంఖ్య ఊరి పెద్దలు కల్పించినది కాదు. శివాజీ చరిత్రను మరాఠీ భాషలో వ్రాసిన కృష్ణాజీ అనంత సభాసదుడు, పదునేడవ శతాబ్దపు చివరి దశాబ్దమున, వేలూరు కోటను మిక్కిలి పొగడుచు, అట్టి కోట భూమిపై మరియొకటి లేదనియు, దాని అగడ్తలో అంతులేని నీరును, ఆ నీటిలో పదివేల మొసళ్లును కలవనియు తెలిపినాడు. అతడా గ్రంథమును రచించినది మనకు సమీపముననున్న సెంజి దుర్గముననే.

ఈ సంఖ్యను కొంచెము లెక్కించి చూతము. 133 ఎకరముల కోటను చతురస్రముగా భావించినచో, దాని చుట్టుకొలత సుమారు మూడు కిలోమీటర్లగును. అందు పదివేల మొసళ్లనగా మీటరు పొడవున మూడు మొసళ్లకు పైగా ఉండవలయును. మన చెరువులలో నివసించు మొసలి జాతిలో బాగుగా ఎదిగినది నాలుగు మీటర్ల వరకు పెరుగును. మీటరునకు మూడు చొప్పున అట్టి ప్రాణులు ఉన్నచో, ఎండ కాచుకొనుటకు గట్టు చాలదు, తినుటకు చేపలు చాలవు; అవి ఒకదాని నొకటి చీల్చుకొని నెల తిరుగకమునుపే సగమగును. కావున పదివేలనునది లెక్క కాదు, అనేకమని చెప్పు పద్ధతి. అట్లని మొసళ్లే లేవనుటయు సరికాదు. పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్లగ్రంథములందును ఈ అగడ్త మొసళ్ల ప్రస్తావన కనబడుచున్నది. పదులైనను ఉండియుండును, వందయైనను ఉండియుండును. కావలికి అవి చాలును. ఏలయన, అర్ధరాత్రమున అగడ్తను ఈదదలచినవాడు మొసళ్లను లెక్కించి దిగడు. ఒక్కటి ఉండవచ్చునను తలపే వానిని గట్టున నిలిపివేయును. సైనికునకు జీతమీయవలయును, తిండి పెట్టవలయును. వదంతికి అవి అక్కరలేదు.

అయితే ఆ భయము కోటను రక్షించినదా? చరిత్ర ఏమి చెప్పుచున్నదో చూడుడు. 1614లో వేంకటపతిరాయలు మరణించిన పిదప, ఆయన వారసుడుగా నిర్ణయించిన శ్రీరంగరాయలను గొబ్బూరి జగ్గరాయలు ఈ కోటలోనే చెరపెట్టి, తుదకు కుటుంబముతో కూడ చంపించెను. వంచన అగడ్తను ఈది రాలేదు; అది లోపలనే పుట్టినది. ఆ ఘోరమునుండి తప్పించుకొనిన రాకుమారుడొక్కడే, రామదేవుడు. వెలుగోటి యాచమనాయకుని ఏర్పాటుచే ఒక చాకలి ఆ బాలుని మాసిన బట్టల మూటలో దాచి, కావలివారి కన్నులయెదుటనే కోట దాటించెనని ఆనాటి పోర్చుగీసు మతగురువు బర్రాదాసు లేఖవలన తెలియుచున్నది. అగడ్త వంచకులను ఆపలేదు, ఆ బాలుని ఆపలేదు. 1677లో మరాఠాలు ముట్టడికి వచ్చినపుడు, వారు నీటిలో దిగి మొసళ్లతో పోరాడలేదు. ఎదుటి కొండలపై సాజరా, గోజరా అను చిన్న దుర్గములను నిలిపి, దాదాపు పదునాలుగు నెలలు కాచుకొనియుండి, లోపలి సైన్యము క్షీణించిన పిమ్మట 1678లో కోటను గైకొనిరి. 1806 జూలై 10వ తేదీన సిపాయిలు తిరుగబడినపుడును అగ్ని రగిలినది లోపలనే. ఆర్కాటునుండి గిలెస్పీ వచ్చి గోడను ఎక్కినదియు, ఫిరంగులతో తలుపులను పగులగొట్టించినదియు ద్వారముకడనే. ఈ మూడు ఘట్టములందును మొసళ్లకు పని తగులలేదు. భయము వానిపై నిలిచియుండగా ఆపద మరియొక దారిని వచ్చినది.

అగడ్త చెప్పిన ఈ సత్యము కడలికిని వర్తించును. మన తీరమున సొరచేపను గూర్చిన భయము చాల ప్రాచీనము. పాండ్యదేశ తీరమున, తూత్తుకుడికిని సింహళమునకును నడుమ, ముత్యపుచిప్పల కొరకు సముద్రమున మునుగువారు వేయేండ్లకు పైగా కలరు. మునుగువాడు శ్వాస బిగబట్టి అడుగునకు పోవును; పైనున్నవారికి వాడు కనబడడు, వానికి చుట్టునున్నది కనబడదు. ఆ భయమును తీర్చుటకు 'కడల్ కట్టి' అను మాంత్రికుడు ఉండెడివాడు. కడలిని కట్టువాడని ఆ అరవపదమునకు అర్థము. వాడు మంత్రించి సొరల నోళ్లు కట్టివేయునని నమ్మిక. పదమూడవ శతాబ్దపు చివర ఇటు వచ్చిన మార్కోపోలో, ఈ మాంత్రికులకు ముత్యములలో ఇరువదవ వంతు చెల్లుచుండెననియు, వారు రాత్రివేళ మంత్రమును విప్పివేయుదురనియు వ్రాసినాడు. విప్పుట ఎందులకన, చీకటిలో దొంగలు మునిగి ముత్యములను హరింపకుండుటకు! ఇక్కడను సొరభయమే వెలలేని కావలియైనది. వేలూరు అగడ్తకును ముత్యాలసలాపమునకును ఎంత పోలిక!

పందొమ్మిదవ శతాబ్దమున సింహళమునేలిన ఆంగ్లప్రభుత్వము కూడ ఈ మాంత్రికునకు వేతనమిచ్చి ఉంచుకొనెను. మంత్రమునందు వారికి విశ్వాసము లేకున్నను, మాంత్రికుడు లేనిదే ఒక్కడును నీట దిగడని వారెరుగుదురు. ఆ కాలపు అధికారి టెనెంటు వ్రాసినదానినిబట్టి, సొరవలన కలిగిన ప్రమాదములు అత్యల్పములు. వందలాది పడవల సందడికే అవి తొలగిపోవుచుండెనని అతని ఊహ. మంత్రము సొరను కట్టెనో లేదో కాని, మనుష్యుని భయమును మాత్రము కట్టినది.

నేడు మంత్రమునకు మారుగా లెక్కలు కలవు. ప్రపంచమంతటను సొరలు తమంతట తాము మనుష్యులను కరచిన సంఘటనలను అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయమువారు నమోదు చేయుచున్నారు. అవి ఏటికి దాదాపు అరువది డెబ్బది; మరణములు సగటున పదికి లోపు. ఇక మనుష్యులు చంపుచున్న సొరలో? 2013లో ప్రకటితమైన ఒక పరిశోధన ప్రకారము ఏటికి సుమారు పదికోట్లు. మన కోస్తా ఇండ్లలో సొరపిట్టు బాలింతకు పాలుపడుటకై పెట్టు పథ్యము. కొడుకును భయపెట్టు సొర, తల్లికి పథ్యమైన సొర ఒక్కటియే!

1975లో అమెరికాలో 'జాస్' అను చలనచిత్రము వెలువడి లోకమునందంతటను సొరభయమును రగిల్చినది. దానికి మూలమైన నవలను వ్రాసిన పీటర్ బెంచ్లీ తరువాతి కాలమున సొరల రక్షణకై పాటుపడెను. అదే 1975లో మన దేశమున మొసళ్లు అంతరించిపోవుచున్నవని వాని రక్షణకు ప్రభుత్వము ఒక ప్రణాళికను ఆరంభించెను. మరుసటి యేడు మహాబలిపురమునకు సమీపమున మదరాసు మొసళ్ల సంరక్షణశాల వెలసినది. సాత్తనూరు ఆనకట్టకడను మొసళ్ల కేంద్రము కలదు. ఒకనాడు వేలూరు కోటను కాచిన మొసలిని నేడు మనుష్యుడు కంచె కట్టి కాచుచున్నాడు.

అట్లయిన నీటిలో భయమే వలదా? వలయును, కాని దేనినుండి అనునది తెలియవలయును. మన దేశమున నీట మునిగి మరణించువారు ఏటికి ముప్పదివేలకు పైబడియున్నారని ప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి. వీరిని హరించినది సొరయు కాదు, మొసలియు కాదు, నీరే. మెరీనా తీరమున తరచుగా ప్రాణములు పోవుట అలల తిరుగుప్రవాహమువలన. అలలు తీరమునకు తెచ్చిన నీరు మరల కడలిలోనికి పోవుటకు ఇరుకైన దారి నొకదానిని చేసికొనును. ఆ దారిలో పైకి అల చిన్నదిగా, నీరు నెమ్మదిగా కనబడును. అందుచేతనే తెలియనివాడు అచ్చటనే దిగును. ప్రవాహము వానిని లోనికి లాగికొనిపోవును. ఎదురీది ఒడ్డు చేరవలెనని పెనుగులాడినవాడు అలసి మునుగును. దానికి అడ్డముగా, తీరము వెంబడి, కొంతదూరము ఈదినవాడు ఆ దారి దాటి బ్రదుకును. ఈదలేనివాడు నీటిపై తేలియుండి, చేయెత్తి కేకవేయవలయును. మొసలి పట్టునకు గజేంద్రుడు వేయేండ్లు పెనుగులాడెనని కథ. ఈ ప్రవాహముతో కొన్ని నిమిషములు పెనుగులాడుటకును మనుష్యునకు శక్తి చాలదు.

ఊరి జలములయందును ఇంతే. ఏడాది పొడవున ఇసుకయే కనబడు పాలారును జూచి మనము నదిని మరచితిమి. 2021 నవంబరులో అది ఉప్పొంగినపుడు అందరికిని జ్ఞప్తికి వచ్చినది. ఆ వానలకే అగడ్త నీరు జలకంఠేశ్వరుని ఆలయములోనికి వచ్చినది. ఇసుక తీసిన గుంటలు పైకి మడుగులవలె కనబడును, లోపల నిలువెత్తులు దాటియుండును. అందు మొసలి లేదని ధైర్యముతో దిగిన బాలుని లోతే మింగును.

కావున జలగండము కలదని చెప్పబడిన బిడ్డను నీటికి దూరముగా ఉంచుట రక్షణ కాదు. వానికే అందరికంటె ముందు ఈత నేర్పవలయును. పూర్వము మన పల్లెలలో తండ్రియో, మేనమామయో ఎండిన సొరకాయబుర్రలను, మునగబెండ్లను నడుమునకు కట్టి దిగుడుబావిలో పిల్లలకు ఈత నేర్పెడివారు. ఆ బావులు పూడిపోయినవి. ఆ విద్యయు పూడిపోవుచున్నది. కుమారులకు నేర్పినచోటను కుమార్తెలకు నేర్పకపోవుట మరియొక లోపము. మన సంఘము పిల్లలకు తెలుగు అక్షరములను నేర్పుటకు ఎంత శ్రద్ధ వహించుచున్నదో, ఈత నేర్పించుటకును అంత శ్రద్ధ వహించుట మేలు. సొరను గూర్చి అడిగిన పిల్లవానికి, "ఉండవచ్చును నాయనా, కాని ముందు నీటిపోకడ చూచుకొనుము, నా చేయి విడువకుము" అని చెప్పగల తల్లిదండ్రులు మన ఇండ్ల పెరుగుదురు గాక.