‘కారణం’ గడిలో ఒక్క మాటే

బళ్ళారి మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో మతి చెడినవాడిని పిచ్చాసుపత్రికి పంపాలంటే ముందు ఒక వివరాల కాగితం నింపాలి. నింపేది ఎక్కువగా పోలీసులు, మేజిస్ట్రేటు. అందులో ‘కారణం’ అని ఒక గడి. గంజాయి తాగేవాడట అని ఊళ్ళో ఎవరో ఒకరు అంటే చాలు, ఆ గడి నిండేది. 1893-94 నాటి భారత గంజాయి విచారణ సంఘం 1892లో దేశమంతటా ఆసుపత్రుల్లో చేరినవారి కాగితాలను మళ్ళీ తిరగేసింది. గంజాయి ఖాతాలో రాసిన కేసుల్లో సగానికి పైగా నిలబడలేదు. మిగిలినవాటిలోనూ కొన్నింటికి గంజాయితో పాటు వేరే కారణాలు కలిసి ఉన్నాయి. మత్తు వల్ల మతి చెడిందా, చెడిన మతే మత్తు వెతుక్కుందా అన్న ప్రశ్న మన దేశంలో అంత నిలకడగా వేసింది బహుశా అదే మొదటిసారి. తర్వాత చాలాకాలం దాన్ని మరిచిపోయాం.

పిల్లల సంగతి ఇంకా ఆలస్యంగా వచ్చింది. అమెరికాలో లీ రాబిన్స్ సెయింట్ లూయిస్‌లోని ఒక బాలల క్లినిక్‌కు వచ్చిన 524 మంది పెద్దయ్యాక ఏమయ్యారో వెతికి 1966లో పుస్తకం వేశారు. బడి ఎగ్గొట్టడం, దొంగతనాలు, కొట్లాటలతో క్లినిక్‌కు వచ్చిన పిల్లల్లో చాలామంది తర్వాత తాగుడులోనూ కనిపించారు. మన ఇళ్ళలో ‘మాట వినడు, సావాసం చెడింది’ అని తేల్చేసే కుర్రవాడి కథే అది. కాకపోతే మనం సావాసం దగ్గర ఆగిపోతాం, అంతకు ముందు ఆరేడేళ్ళ వయసులో వాడు బెంచీ మీద కుదురుగా కూర్చోలేకపోయిన సంగతి అడగం.

బళ్ళారికి ఈ చరిత్రలో అసలైన చోటు 1985లో దక్కింది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వారు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని అక్కడ మొదలుపెట్టి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ సిబ్బందికీ శిక్షణ ఇచ్చారు. 1996లో దేశానికి తీసుకున్న నమూనా అదే. తొలి విడత నాలుగు జిల్లాల్లో మన మెదక్ కూడా ఉంది. బళ్ళారిలో ముందు పట్టుకున్నవి తీవ్రమైన మతిభ్రమణం, మూర్ఛ, బుద్ధిమాంద్యం. ఉన్న చేతులతో చేయగలిగింది అదే కాబట్టి తప్పు పట్టలేం. కానీ గుట్కా నమిలి, సొల్యూషన్ పీల్చి, ఇంట్లో చేయి చేసుకునే పదిహేనేళ్ళవాడికి ఆ జాబితాలో వరుస లేదు. ఆ 1985లోనే మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. క్రమంగా మత్తు మాన్పించే కేంద్రాలు ఎక్కువగా సామాజిక న్యాయ శాఖ డబ్బుతో, మానసిక వైద్యం ఆరోగ్య శాఖ డబ్బుతో విడివిడిగా పెరిగాయి. ఒకే కుర్రవాడికి రెండు గుమ్మాలు.

1987 మానసిక ఆరోగ్య చట్టం ఆ చీలికను రాతలోనే పెట్టింది. పదహారేళ్ళ లోపు వారికి వేరే ఆసుపత్రులు, మద్యం, మత్తుమందులకు బానిసైనవారికి వేరే ఆసుపత్రులు పెట్టవచ్చంది. పద్నాలుగేళ్ళకే బానిసైనవాడు ఏ తలుపు తట్టాలో చెప్పలేదు. 1990లో అమెరికా సర్వే ఒకటి, మద్యం కాక ఇతర మత్తుల సమస్య ఉన్న పెద్దల్లో 53 శాతానికి మరో మానసిక రుగ్మత కూడా ఉందని తేల్చాక, రెండూ కలిసి ఉండటం మినహాయింపు కాదని వైద్యులు ఒప్పుకోక తప్పలేదు.

ఈలోగా బళ్ళారి జిల్లా మారిపోయింది. 2000 తర్వాత ఇనుప ఖనిజం జోరు, లారీలు. 2011లో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపాక చేతి పని పోయిన ఇళ్ళు. బడి మానేసి పనికెళ్ళిన పిల్లవాడి జేబులో రోజుకూలీ ఉంటుంది, అడిగేవాడు ఉండడు. 2019లో వెలువడిన జాతీయ సర్వేలో వాసన పీల్చే మత్తు ఒక్కటే పెద్దల కంటే పిల్లల్లో ఎక్కువగా తేలింది: 10-17 ఏళ్ళవారిలో 1.17 శాతం, పెద్దల్లో 0.58. చవక కాబట్టి ఆశ్చర్యం లేదు. 2014లో నిమ్హాన్స్ ఫోన్, వీడియో ఆటల వ్యసనానికి ప్రత్యేక క్లినిక్ తెరిచింది, 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీడియో ఆటల రుగ్మతను తన వర్గీకరణలో చేర్చింది. అంటే గడిలో రాయాల్సిన కారణాలు ఇంకా పెరిగాయి.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ జిల్లాలోని ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు పోయాయి. ఆసుపత్రి దారి మాత్రం సరిహద్దు గీత చూసి మారదు. 1961లో మెడికల్ కాలేజీగా మొదలై విమ్స్‌గా పేరుపడిన బళ్ళారి ఆసుపత్రి వైపు ఆ ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ చూస్తారు. అక్కడ డాక్టరుకు కన్నడమూ తెలుగూ రెండూ రావడం మందులంత అవసరం. చిన్నప్పటి నుంచి వాడు ఎలా ఉండేవాడో తల్లి తన మాటల్లో చెబితేనే రెండో జబ్బు బయటపడుతుంది.

2018లో అమలులోకి వచ్చిన కొత్త మానసిక ఆరోగ్య చట్టం మత్తుతో వచ్చే మానసిక స్థితులను మానసిక వ్యాధి నిర్వచనంలోనే చేర్చింది. మైనర్లను పెద్దల నుంచి విడిగా ఉంచాలంది, చేరినన్నాళ్ళూ సంరక్షకులో, వారు పెట్టిన మనిషో పక్కన ఉండాలంది. మంచి నిబంధనే. అన్నాళ్ళూ పక్కన ఉండే తల్లి పోగొట్టుకునే కూలీ ఎవరిస్తారన్నది మాత్రం చట్టంలో లేదు.