ధవళేశ్వరం: మన కాలవలకి పుట్టినూరు



వరదొచ్చినప్పుడల్లా మనందరి నోట్లో నానే ఊరు ధవళేశ్వరం. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. లంకల్లో వాళ్లు ఆ అంకెలు వినే గొడ్లని గట్టు మీదకి తోలతారు. ఆ అంకెల వెనకాల ఒక ఊరుందన్న సంగతే మరుగున పడిపోతోంది. ఇప్పుడు రాజమండ్రి నుంచి వెళ్తుంటే పట్నం ఎక్కడ అయిపోయిందో, ఊరు ఎక్కడ మొదలయ్యిందో తెలీదు.

ఆనకట్ట లేని రోజుల్లో గోదావరి పక్కనే పారుతున్నా మన వాళ్లకి తిండి లేదు. 1830ల్లో కరువు, 1839లో తుఫాను. ఏరొస్తే ముంపు, పోతే ఎండు. ఆ పరిస్థితి చూసి కాటన్ దొర ఆనకట్ట తలపెట్టాడు. చోటు ధవళేశ్వరమే ఎందుకంటే, అక్కడ నది బాగా వెడల్పు, మధ్యలో లంకలు, ఒడ్డునే రాతి కొండ. 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేశారు.

ఆ రాయంతా ఎక్కడిదనుకున్నారు? ధవళేశ్వరం కొండదే. రాయి మొయ్యడానికి అక్కడ పట్టాలు కూడా వేశారు. బొంబాయి నుంచి థానాకి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. అంతకు ముందే ఈ ఊళ్లో రాళ్ల బళ్లు పట్టాల మీద నడిచాయండి!

మన ఊళ్లల్లో కాటన్ దొర విగ్రహాలున్నాయి, ఉండాల్సిందే. ఆయన పక్కన నిలబడి కూలీల్ని కూడగట్టిన వీణెం వీరన్న గారి పేరు ఎంతమందికి తెలుసు? రాళ్లు కొట్టిన కూలీల పేర్లయితే ఒక్కటీ మిగల్లేదు.

కందుకూరి వీరేశలింగం గారు 1874లో ఆడపిల్లలకి బడి పెట్టింది కూడా ఈ ఊళ్లోనే. పనికీ చదువుకీ రెండిటికీ తావిచ్చిన ఊరది.

పాత ఆనకట్ట బలహీనపడితే 175 గేట్లతో కొత్త బ్యారేజీ కట్టారు. దాని మీద ఆధారపడ్డ ఆయకట్టు దాదాపు 10 లక్షల ఎకరాలు. మన గింజ ఆ నీళ్లదే. పట్నం పెరగొద్దని నేననను. ఊరు పట్నంలో కలిస్తే కలవనివ్వండి, దాని కథ మాత్రం కలిసిపోకూడదు.

పిల్లల్ని కాటన్ మ్యూజియంకి తీసుకెళ్లినప్పుడు ఆ కొండని కూడా చూపించండి. మన చేలకి నీళ్లు రావడానికి అది ఎంత అరిగిందో చెప్పండి.