ఎం.జి. ముద్ర: చౌక స్పోర్ట్స్ కారు నుంచి విద్యుత్ కారు వరకు

1. ఉపోద్ఘాతం:

అష్టభుజి నడుమ రెండు అక్షరాలున్న ఎం.జి. చిహ్నం నేడు భారతీయ నగరాలలో చిన్న విద్యుత్ కార్ల మీద కనిపిస్తున్నది. బ్రిటన్‌లో పుట్టిన ఆ పేరుకు వందేళ్ల చరిత్ర ఉంది. ఓ మోస్తరు ఆదాయం గలవారు కూడా కొనగలిగిన ధరలో వేగాన్ని అందించడం వల్లనే ఆ పేరుకు ప్రతిష్ఠ వచ్చింది. చౌకదనం, వేగం అనే ఆ రెండు గుణాలు విద్యుత్ యుగంలో కలిసి సాగుతున్నాయా, విడిపోయాయా అనే విషయాన్ని ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది.

2. మిడ్జెట్ - అరువు భాగాలతో కొత్త పేరు:

ఎం.జి. అంటే మోరిస్ గరాజెస్. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం మోరిస్‌కు చెందిన విక్రయశాల అది. 1922లో దానికి మేనేజరైన సెసిల్ కింబర్ మామూలు మోరిస్ కార్లకు కొత్త బాడీలు తొడిగి, చురుకైన కార్లుగా తీర్చి అమ్మసాగాడు. 1928లో వచ్చిన ఎం-టైప్ మిడ్జెట్ ఆ పద్ధతికి మంచి ఉదాహరణ. దాని 847 సి.సి. ఇంజను మోరిస్ మైనర్ అనే చిన్న కుటుంబ కారుది. బాడీ ప్లైవుడ్ మీద గుడ్డ కప్పి చేసినది. మైనర్ ధర 125 పౌండ్లు కాగా, మిడ్జెట్ ధర 175 పౌండ్లు. 20 అశ్వశక్తి గల ఆ కారు గంటకు సుమారు 105 కిలోమీటర్ల వేగాన్ని అందుకునేది.

ఈ 50 పౌండ్ల తేడాలో ఎం.జి. వ్యాపార సూత్రమంతా ఇమిడి ఉంది. కొనుగోలుదారు అదనంగా చెల్లించినది తేలికైన బాడీకి, ఆకారానికి, అష్టభుజి చిహ్నానికి. అయినా ఆ అదనపు ధర సాటి ఉద్యోగికి అందనంత ఎత్తులో లేదు. ఖరీదైన భాగాలు పెద్ద సంఖ్యలో తయారయ్యే మరో కారువి కావడమే ఇందుకు కారణం.

3. ఎదుగుదల, పతనం:

అబింగ్డన్ కర్మాగారం ఇదే పద్ధతిని అర్ధశతాబ్దం పాటు కొనసాగించింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక టి.సి. నమూనా అమెరికాలో అభిమానులను సంపాదించింది. 1962లో మొదలైన ఎం.జి.బి. శ్రేణిలో 5 లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. 1980లో అబింగ్డన్ కర్మాగారం మూతపడింది. 2005లో ఎం.జి. రోవర్ సంస్థ కుప్పకూలినప్పుడు సుమారు 6,000 మంది ఉద్యోగాలు పోయాయి. అదే ఏడాది నాన్జింగ్ ఆటోమొబైల్ అనే చైనా సంస్థ ఆ ఆస్తులను కొన్నది. ఆ తరువాత నాన్జింగ్ సంస్థ షాంఘైకి చెందిన సాయిక్‌లో కలిసింది. 2016లో లాంగ్‌బ్రిడ్జ్‌లో కార్ల కూర్పు కూడా ఆగిపోయింది. పేరు ఖండాలు దాటి బతికింది. ఆ పేరును నిలబెట్టిన కార్మికులు ఉన్నచోటనే మిగిలిపోయారు.

4. ఐరోపాలో ఎం.జి.4:

2022లో బ్రిటన్‌లో విడుదలైన ఎం.జి.4 ప్రారంభ ధర 25,995 పౌండ్లు. ఇదే కారు చైనాలో ములాన్ అనే వీరనారి పేరుతో అమ్ముడైంది. పేరు ఏ దేశపు జ్ఞాపకాన్ని తట్టాలో అంగడిని బట్టి నిర్ణయమైందన్నమాట. 2023లో దీని ఎక్స్‌పవర్ నమూనా 36,495 పౌండ్లకు వచ్చింది. రెండు మోటార్లు, 435 అశ్వశక్తి గల ఈ కారు మిడ్జెట్ సూత్రానికి చేరువైనది: కుటుంబ కారు అంగాలే, పెరిగిన శక్తి, అదుపులో ఉన్న ధర. అయితే 2024 అక్టోబరులో ఐరోపా సమాఖ్య సాయిక్ విద్యుత్ కార్ల మీద అప్పటికే ఉన్న 10 శాతానికి తోడు 35.3 శాతం అదనపు సుంకం విధించింది. కర్మాగారం పొదుపు చేసిన సొమ్ము సరిహద్దు దగ్గర కరిగిపోగలదని దీనివల్ల తేలింది.

5. భారతదేశంలో కామెట్:

గుజరాత్‌లోని హాలోల్‌లో తయారయ్యే కామెట్ 2023లో 7.98 లక్షల రూపాయల ప్రారంభ ధరతో విడుదలైంది. 1934లో ఇంగ్లండ్-ఆస్ట్రేలియా పందెంలో పాల్గొన్న బ్రిటిష్ విమానం పేరును దీనికి పెట్టారు. కారు మూలం మాత్రం ఇండోనేషియాలో 2022లో వచ్చిన వూలింగ్ ఎయిర్. మూడు మీటర్లకన్న తక్కువ పొడవు, 17.3 కిలోవాట్-అవర్ బ్యాటరీ, 42 అశ్వశక్తి గల ఈ కారు ఊరి ప్రయాణాలకు ఉద్దేశించినది. విమానం నుంచి దీనికి పేరు దక్కింది గాని వేగం దక్కలేదు.

ధర విషయంలో 2024 సెప్టెంబరు ముఖ్యమైన మలుపు. అప్పటికి 6.99 లక్షలున్న కామెట్‌ను, బ్యాటరీని విడదీసి 4.99 లక్షలకు ఇవ్వజూపారు. అప్పట్లో బ్యాటరీకి కిలోమీటరుకు 2.50 రూపాయల చొప్పున అద్దె కట్టవలసి ఉండేది. వడ్డీని పక్కన పెట్టి ఆ రేటున లెక్కిస్తే, తగ్గిన 2 లక్షలు 80,000 కిలోమీటర్ల ప్రయాణంతో తిరిగి చెల్లిపోయేవి. తక్కువ తిరిగేవారికి ఇది లాభం. రోజూ దూరాలు తిరిగేవారికి ప్రకటనలోని చౌకదనం క్రమంగా కరిగిపోతుంది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుముల నుంచి 2026 డిసెంబరు 31 వరకు మినహాయింపునిచ్చింది. కొనేనాటి భారాన్ని అది నేరుగా తగ్గిస్తుంది.

ఎం.జి. స్పోర్ట్స్ కారు సంప్రదాయానికి అసలు వారసురాలైన సైబర్‌స్టర్ 2025 జులైలో 74.99 లక్షల రూపాయల ధరతో భారతదేశానికి వచ్చింది. 2024 సెప్టెంబరు నాటి, అద్దె పద్ధతి లేని కామెట్ ధరకు ఇది పది రెట్లకు పైమాట.

6. ముగింపు:

నేటి కార్లు నిజమైన ఎం.జి.లు కావనే అభ్యంతరం చరిత్ర ముందు నిలవదు. మిడ్జెట్ కూడా అరువు ఇంజనుతోనే పుట్టింది. అసలు మార్పు మరొకచోట జరిగింది. 1928లో ఒకే కారులో ఉన్న రెండు గుణాలు భారతదేశంలో రెండు కార్లకు పంపకమయ్యాయి: చౌకదనం కామెట్‌కు, వేగం సైబర్‌స్టర్‌కు. రెండింటినీ కలిపి చూపుతున్నది వాటిమీద ఉన్న చిహ్నం ఒక్కటే. బ్యాటరీ ధర తగ్గి, దానికి విడిగా అద్దె కట్టవలసిన అవసరం తీరినప్పుడే మిడ్జెట్ నాటి ఒప్పందం మళ్లీ సాధ్యమవుతుంది. అంతవరకు కొనుగోలుదారు చిహ్నం చరిత్రతో పాటు అద్దె లెక్కను కూడా చదువుకోవలసి ఉంటుంది.